లక్ష్మీదుర్గ తొక్కని గట్టు

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన పెద్దిరాజు గారి రొయ్యల చెరువులు మూడున్నాయి. చెరువులకు ముందు ఇనుప గేటు. గేటు దాటగానే బ్లీచింగ్ నీళ్ల తొట్టి. అందులో కాళ్లు ముంచుకుని గట్టెక్కాలి. ఆయన కోడలు లక్ష్మీదుర్గ కాపురానికి వచ్చి ఇరవై మూడేళ్లయింది. ఇరవై మూడేళ్లుగా పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి క్యారేజీ పట్టుకుని ఆ గేటు దాకా వెళ్లింది. గేటు దాటి ఒక్క అడుగు వేయలేదు.

ఆ ఇంటి ఆచారం అలాంటిది. వచ్చిన మొదటి వారంలోనే, అప్పుడింకా బతికున్న అత్తగారు కూర్చోబెట్టి చెప్పింది. "చూడమ్మాయ్, ఆడగాలి తగిలితే రొయ్య నిలవదు. మనింటి ఆడాళ్లు గట్టు తొక్కరు. గేటు దగ్గర నించుని కేకెయ్యి, వాళ్లే వచ్చి పట్టుకెళ్తారు." అప్పటికి లక్ష్మీదుర్గకు ఇరవై ఒకటి. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల. పెద్దవాళ్లు చెప్పిన మాటకు ఎందుకని అడగడం ఆవిడకు తెలీదు.

ఆవిడ కేకేస్తే భర్త గంగబాబు తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ గట్టు దిగి వచ్చేవాడు. వాసన తెలుస్తూనే ఉన్నా, "ఏం కూరోయ్ ఇవాళ?" అనేవాడు. ఆవిడ చెప్పేది. అతను క్యారేజీ అందుకుని వెళ్లిపోయేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో రోజుకు రెండుసార్లు గేటు దగ్గర జరిగే ఆ నాలుగు మాటలే ఆవిడకు పండగ.

రెండేళ్ల కిందట ఆషాఢం వానల్లో, నీళ్లు చిలికే ఏరియేటర్ కరెంటు తీగ తెగి రెండో చెరువులో పడింది. గంగబాబు చూసుకోలేదు. దిగాడు. అంతే. అరుపు విని లక్ష్మీదుర్గ ఇంటి దగ్గర నుంచి చెప్పులు లేకుండా పరిగెత్తింది. గేటు దాటలేదు. ఆ వేళ కూడా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మనిషిని గట్టు మీద నుంచి దించి గేటు బయటకు తెచ్చి ఆవిడ ముందు పడుకోబెట్టారు. ఆవిడ భర్తను చూసింది గానీ, భర్త పోయిన చోటును ఈ రోజుకీ చూడలేదు.

అలాంటి ఇంటికి సుందరి వచ్చింది.

అమలాపురంలో ఒక కాలేజీ వాళ్లూ, ఒక మేత కంపెనీ వాళ్లూ కలిసి ఏర్పాటు చేసుకున్నారు. రొయ్యల పెంపకం చదివే డిగ్రీ మూడో ఏడు పిల్లలు ఆర్నెల్లు క్లాసులో కూర్చోవాలి, ఆర్నెల్లు చెరువుల మీద పని చేయాలి. పని చేసినన్నాళ్లూ కంపెనీ నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. రైతు ఇంట్లోనే ఉండి, అక్కడే తింటూ నేర్చుకోవాలి. రోజూ రైతు చేత పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. సంతకాలు నిండితేనే ఆ ఆర్నెల్లూ చదువు కింద లెక్క. లేకపోతే వచ్చే ఏడు జూనియర్లతో కలిసి మళ్లీ మొదటి నుంచీ చేయాలి.

కంపెనీ తరఫున అనిల్ కుమార్ అనే కుర్రాడు వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దిరాజు గారు ఎగిరిపడ్డారు.

"ఆడపిల్లనా? మా గట్టు మీదకా? నీకు మతుండే మాట్లాడుతున్నావా?"

"మీ వంతుకి ఆ అమ్మాయే వచ్చిందండి. వద్దంటే పక్క రైతుకిచ్చేస్తానండి. నీళ్ల పరీక్షలూ అవీ ఊరికే చేసి పెడతారండి మరి," అన్నాడు అనిల్ కుమార్, బండి తాళం వేలికి తిప్పుకుంటూ.

అంతకు ముందు పంట తెల్లమచ్చ రోగమొచ్చి నలభయ్యో రోజున మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. పెద్దిరాజు గారు చెరువు వైపు చూశారు, గడ్డం గోక్కున్నారు.

"ఆయ్, సరే. పంపించు. కాపోతే నెలసరి రోజుల్లో మటుకు గట్టెక్కకూడదు. అమ్మాయ్, అది నువ్వు చూసుకోవాలి. ఆ పిల్ల నీకు చెప్పాలి, నువ్వు నాకు చెప్పాలి."

"ఆయ్," అంది లక్ష్మీదుర్గ గుమ్మం లోపల నుంచి. పైకి ఆ మాటే అంది. లోపల మాత్రం ఇంకోటి మొదలైంది. ఇరవై మూడేళ్లు అన్నం వండి పెట్టిన కోడలికి ఏడాది పొడుగునా పనికిరాని గట్టు, ఊరూ పేరూ తెలియని పిల్లకు నెలకు ఇరవయ్యారు రోజులు పనికొస్తుందా?

సుందరిది అంతర్వేది వైపు, గోదారి సముద్రంలో కలిసే చోట పల్లె. తండ్రికి పడవ ఉంది. అమ్మమ్మ పేరు పెట్టారట, అందుకే అంత పాతకాలం పేరు. సన్నగా, నల్లగా, గలగలలాడుతూ ఉంటుంది. మొదటి నెల స్టైపెండ్ రాగానే అమలాపురం వెళ్లి తన కాలికి సరిపడా నల్లటి రబ్బరు బూట్లు కొనుక్కుంది. అవి రోజూ సాయంత్రం అరుగు మీద, గంగబాబు చెప్పులు విడిచే చోటే ఉండేవి.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల గదిలో నిద్రపోతుంటే, లక్ష్మీదుర్గ అటూ ఇటూ చూసి కుడికాలు ఒక బూటులో పెట్టింది. సరిగ్గా సరిపోయింది. సరిపోకుండా ఉంటే బాగుండేదనిపించింది. గబుక్కున కాలు తీసేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అన్నం దగ్గర మావగారు ఆ పిల్లతో మాట్లాడే తీరు చూస్తే లక్ష్మీదుర్గకు ముద్ద దిగేది కాదు. కోడలితో ఉప్పు, మజ్జిగ తప్ప మూడో మాట ఎరగని మనిషి, ఆ పిల్లను మాత్రం, "ఏమ్మా, రెండో చెరువు నీళ్లు ఆకుపచ్చ తిరిగినట్టు లేవూ?" అని అడిగేవారు.

"తిరిగినియ్యండి తాతగారూ. రెండ్రోజులు మేత తగ్గిద్దామండి."

"తగ్గిస్తే ఎదుగుదల ఆగదా?"

"ఆగదండి. మీరు ఎక్కువ పెట్టేకొద్దీ అది అడుక్కెళ్లి కుళ్లుతుందండి. మీ రొయ్యలు మీలాగే మొహమాటస్తులండి, చాలనవు, వదిలేస్తాయి."

పెద్దిరాజు గారు నవ్వారు. కొడుకు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు తెప్పించింది తను కాదని లక్ష్మీదుర్గకు గుండెల్లో గుచ్చుకుంది.

అన్నిటికంటే కష్టం బట్టల దగ్గర. సాయంత్రం సుందరి విడిచిన బట్టలు పెరట్లో తీగ మీద వేలాడేవి. బురద, మేత, ఇంజనాయిలు కలిసిన వాసన. అది గంగబాబు వాసన. రెండేళ్లయి ఇంట్లోంచి వెళ్లిపోయిన వాసన ఇప్పుడు ఇంకొకరి ఒంటి మీద తిరిగొచ్చింది. లక్ష్మీదుర్గ ఆ చొక్కా పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఊపిరి బిగబట్టుకునేది. ఒక్కోసారి బిగబట్టుకోలేకపోయేది.

"మీరు గట్టు మీదకి ఎప్పుడూ రాలేదా అండి పిన్నిగారూ?" అని అడిగింది సుందరి ఒకరోజు, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"లేదు. కాపురానికొచ్చి ఇరవై మూడేళ్లు."

"ఇరవై మూడేళ్లా! అమ్మ బాబోయ్. మా రేవులో ఆడాళ్లు లేకపోతే చేప ఒడ్డు దాటి ఊళ్లోకి రాదండి. మా అమ్మ వల లాగుద్ది, బుట్ట మోస్తది, బేరమాడుద్ది. మా నాన్న పడవెక్కి పాటలు పాడతాడండి, అంతే."

"మీ ఊరి సంగతి మీది. మా ఊరి సంగతి మాది," అంది లక్ష్మీదుర్గ. గొంతులో కరుకుదనం ఆవిడకే వినపడింది. పిల్ల చాటలోకి వంగి మళ్లీ రాళ్లు ఏరింది.

నాలుగు రోజుల తరవాత సుందరి చెరువు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. బూట్లు కూడా విప్పలేదు.

"పిన్నిగారూ! మోటారు షెడ్డులో సంచులు జరిపేనండి. వెనక గోడంతా బాబాయిగారి రాతేనండి! రోజూ రాసేరండి. నీళ్లలో ఉప్పు ఎంత, మేత ఎంత, వానొచ్చిందా, అన్నీని. వడ్రంగి పెన్సిలు దారం కట్టి మేకుకి తగిలించుకున్నారు, ఇంకా అక్కడే ఉందండి. మీ గురించి కూడా ఉందండి!"

లక్ష్మీదుర్గ చేతిలో గరిటె ఆగిపోయింది. "నా గురించా?"

"ఆయ్. చెప్పనాండి? పోనీ రేపు ఫోనులో ఫోటో తీసి తెస్తానండి."

తన మొగుడు తన గురించి రాసిన మాట. అది ముందు చదివింది ఎవరు? నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్ల. రెండేళ్లుగా అన్నం కంచం ముందు కూర్చుని, చివరి రోజు ఏమనుకుని ఉంటాడో, ఏం చేస్తూ ఉండి ఉంటాడో అని తను తవ్వుకున్నదంతా ఒక గోడ మీద ఉంది. ఇక రోజూ ఆ గోడకే ఆ పిల్ల వీపు ఆనించి కూర్చుని టిఫిను తింటుంది.

"అక్కర్లేదు. నువ్వు చదివేవుగా, చాల్లే," అంది.

సుందరి మొహం చిన్నబోయింది. లక్ష్మీదుర్గకు అది చూసి ఊరట కలిగింది. కలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఊరట ఊరటే.

మూడో రోజు అమావాస్య. రొయ్యలు గుల్ల వదిలే రోజులవి. గుల్ల వదిలిన రొయ్య మెత్తగా ఉంటుంది, గాలి సరిపోకపోతే చచ్చిపోతుంది. సుందరి ముందు రోజే మేత సగం చేయమనీ, ఏరియేటర్లు ఆపొద్దనీ చెప్పింది. పెద్దిరాజు గారు పట్టించుకోలేదు. తెల్లారేసరికి రెండో చెరువు ఒడ్డున చచ్చిన రొయ్యలు తేలాయి. ఆయనకు పోయిన పంట గుర్తొచ్చింది. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డారు.

"ఏం పాపం చేసేమే అమ్మాయ్! మళ్లీ మొదలయ్యింది. ఎక్కడ తప్పు జరిగిందో తెలీట్లేదు."

లక్ష్మీదుర్గ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ మాట ముందుగా ఆలోచించుకుని పెట్టుకున్నది కాదు. నోట్లో ఎక్కడ దాక్కుందో, జారి పడింది.

"ఆ పిల్ల మొన్నటి నుంచీ బయటుందండి. నాకు చెప్పలేదు. నేనే కనిపెట్టేను. అలాగే గట్టెక్కుతోంది."

పెద్దిరాజు గారు గ్లాసు కింద పెట్టేశారు. లేచి గేటు వైపు నడిచారు.

సుందరి చెరువు నుంచి రాగానే గేటు దగ్గరే పట్టుకున్నారు. "నా కొంపలో తిని నా చెరువుకే చేటు తెస్తావా? సిగ్గుండక్కర్లేదూ? ఇంక సంతకాలూ లేవు, గింతకాలూ లేవు. ఇంతకు ముందు పెట్టినవి కూడా చెల్లవని రాస్తాను. రేపు అనిల్ కుమార్ వచ్చి తీసుకుపోతాడు."

"ఏం చేసేనండి తాతగారూ?"

"ఏం చేసేవో నీకు తెలీదా? ముసలోడి నోటితో చెప్పించాలా?"

పిల్లకు అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చెవులదాకా ఎర్రబడింది. అవునంటే అబద్ధం. కాదని చెప్పాలంటే తాత వయసున్న మగమనిషి ముందు నిలబడి ఆ సంగతి మాట్లాడాలి. మాట్లాడినా రుజువేమిటి? క్యారేజీ పట్టుకుని గేటు బయట నిలబడ్డ లక్ష్మీదుర్గ వైపు తిరిగింది.

"పిన్నిగారూ. మీకు తెలుసుగా."

లక్ష్మీదుర్గ కళ్లు దించుకుంది.

ఆ రోజు సుందరి అన్నం తినలేదు. గదిలో బట్టలు సర్దుకుంటూ తల్లితో ఫోనులో మాట్లాడటం వంటింట్లోకి వినపడింది. "లేదమ్మా, ఏడవట్లేదు. చెరువులో మందు కళ్లలో పడింది. ఆర్నెల్లూ మళ్లీ చెయ్యాలేమో. స్టైపెండా? ఆగిపోద్ది. నాన్నకి చెప్పకు. ఎవరి తప్పూ కాదులే."

ఎవరి తప్పూ కాదట. నిజం చెప్పి తనను తిట్టుకుని ఉంటే లక్ష్మీదుర్గకు తేలిగ్గా ఉండేది. తను గెలిచింది. రేపట్నుంచి ఆ బూట్లు అరుగు మీద ఉండవు, ఆ చొక్కా తీగ మీద ఉండదు. గట్టు ఎవరికీ ఉండదు. కానీ గంగబాబు రాసిన గోడ అక్కడే ఉంటుంది, చదివేవాళ్లు లేకుండా. దాని ముందుకు మళ్లీ సంచులు చేరతాయి.

తెల్లారింది. లక్ష్మీదుర్గ ఎప్పటిలాగే ఇడ్లీ వేసి, కొబ్బరి పచ్చడి నూరి, క్యారేజీ సర్దింది. గేటు దగ్గరకు వెళ్లేసరికి అనిల్ కుమార్ బండి ఆగి ఉంది. గట్టు మీద పెద్దిరాజు గారూ, అతనూ నిలబడి ఉన్నారు. సుందరి భుజాన సంచితో, సంతకాల పుస్తకం పట్టుకుని పక్కన నిలబడింది.

"కాస్త ఆలోచించండి రాజు గారూ, పిల్ల ఏడాది పోద్దండి," అంటున్నాడు అనిల్ కుమార్.

"నా పంట పోతే ఎవరిస్తారు?" అన్నారు పెద్దిరాజు గారు. కోడల్ని చూసి, "క్యారేజీ అక్కడెట్టు అమ్మాయ్, వస్తున్నా," అన్నారు.

లక్ష్మీదుర్గ క్యారేజీ అక్కడ పెట్టలేదు. గేటు తోసింది. చెప్పులు విడిచి బ్లీచింగ్ తొట్టిలో ఒక కాలు పెట్టింది. చల్లగా ఉంది. రెండో కాలు పెట్టింది. ఇరవై మూడేళ్లు ఆ తొట్టి ఎంత లోతుందో అనుకునేది. చీలమండలదాకా కూడా లేదు. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని గట్టెక్కింది.

"అమ్మాయ్! ఏంటది? దిగు!"

"అబద్ధం చెప్పింది నేనండి మావయ్యగారూ. ఆ పిల్లకి ఏమీ లేదు. దాని మీద కుళ్లుతో చెప్పేను."

అనిల్ కుమార్ మొహం తిప్పుకుని చెరువులోకి చూడటం మొదలుపెట్టాడు. లక్ష్మీదుర్గ క్యారేజీ ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"కిందటి పంట పోయినప్పుడు ఏ ఆడది ఎక్కిందండి ఈ గట్టు? మీ అబ్బాయి పోయిన రోజున ఎవరెక్కేరు? నేను అక్కడ నించుండిపోయేను. అదిగో, ఆ తొట్టి అవతల. ఎక్కి ఉంటే ప్రాణం ఉండగా చూసేదాన్నేమో నాకు తెలీదు. ఎక్కలేదు. మీ మాట మీదే ఉన్నాను. ఉంటే ఏం మిగిలిందండి?"

పెద్దిరాజు గారు రెండో చెరువు వైపు చూశారు.

"ఏడుపు గట్టు మీద వద్దు," అన్నారు చివరికి, కోడలి వైపు చూడకుండా. "షెడ్డులోకి పో."

ఆ తరవాత అనిల్ కుమార్ ముందు చెయ్యి చాపారు. "పెన్నేదీ? నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి పెడతాను."

"చచ్చిన రొయ్యలు నిన్నటికంటే తక్కువున్నాయండి తాతగారూ," అంది సుందరి, సంచి ఇంకా దించకుండానే. గొంతు బొంగురుగా ఉంది. "మేత మటుకు సగమేనండి ఇవాళ కూడా."

"సరే లేవే. ముందు ఆవిణ్ణి తీసుకెళ్లు. షెడ్డులో తీగలుంటాయి, తగులుద్ది."

షెడ్డులో చీకటిగా ఉంది. సుందరి తలుపు బారుగా తీసింది. వెనక గోడ పైనుంచి కిందదాకా పెన్సిలు గీతలు, అంకెలు. లక్ష్మీదుర్గ దగ్గరగా వెళ్లి, వేలితో పట్టుకుని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. తారీఖు. ఉప్పు. మేత. దాని పక్కన, ప్రతి రోజుకీ రెండుసార్లు, క్యారేజి 8.10. క్యారేజి 1.15. క్యారేజి 8.05. క్యారేజి 1.30, ఆలస్యం, వాన.

నీళ్లను కొలిచినట్టే, మేతను కొలిచినట్టే, ఆవిడ గేటు దగ్గరకు వచ్చిన వేళలను కొలిచి రాసుకున్నాడు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

చివరి వరుసలో క్యారేజి 8.20 అని ఉంది. దాని పక్కన మళ్లీ క్యారేజి. ఆ మాట ముందు రాసి పెట్టుకున్నాడు, వేళ వేయడానికి మిగల్లేదు. లక్ష్మీదుర్గ ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

చెయ్యి తీశాక కింద చూసింది. అక్కడి నుంచే, గంగబాబు ఆపిన చోటు నుంచే, సుందరి అంకెలు మొదలయ్యాయి. గుండ్రటి చదువుకున్న చేతిరాత. మళ్లీ అదే మంట, కొంచెం.

"ఈ గోడే దొరికిందా నీకు? పక్క గోడ మీద రాసుకోలేకపోయేవా?"

"దానికి కరెంటు బోర్డుందండి పిన్నిగారూ," అంది సుందరి బెదురుగా. తరవాత, "చెరిపెయ్యనాండి?" అని అడిగింది.

లక్ష్మీదుర్గకు చెరిపెయ్యమనాలని ఉంది. బయట నుంచి పెద్దిరాజు గారు కేకేశారు. "అమ్మాయ్! ఇడ్లీ చల్లారిపోతోంది, తెస్తావా లేదా?"

"ఉంచు," అంది లక్ష్మీదుర్గ. "ఆ పెన్సిలు మటుకు ఇలా ఇయ్యి."

సుందరి మేకు నుంచి దారం విప్పి అందించింది. మొద్దుబారిన పెన్సిలు, గంగబాబు పళ్లతో కొరికిన గాట్లు ఇంకా ఉన్నాయి.

"టైమెంతయ్యిందే?"

"ఎనిమిదీ నలభై అండి."

సుందరి అంకెల పక్కన ఖాళీ చూసుకుని, వంకర టింకర అక్షరాలతో, ఏడో తరగతిలో వదిలేసిన చేత్తో ఆవిడ రాసింది. క్యారేజి 8.40. ఒక్క క్షణం చూసి, పక్కనే ఇంకో మాట చేర్చింది. ఆలస్యం.

పెన్సిలు ఆ పిల్లకు తిరిగి ఇవ్వలేదు. తనే మేకుకు కట్టి, క్యారేజీ తీసుకుని గట్టు మీదకు నడిచింది.